ఇప్పగుంపు టీవీ బడి మీద నేనిచ్చిన ఫిర్యాదు

జులై 20, ఆదివారం

నా పేరు మడకం సోమమ్మ. ఆధార్ కార్డుల అరవై ఎనిమిదేండ్లని ఉన్నది. అది రాసినాయన నా పండ్లు చూసి రాసిండు. ఊరు ఇప్పగుంపు, ఎర్రబోరు దిక్కు వాగు దాటినంక. ఇంట్ల నేను, కొడుకు మంగల్, కోడలు సుశీల, మనవరాలు ఆయతి. ఆయతి రెండో తరగతి. ఊరి బడిల వంట చేసేది నేనే. పద్దెనిమిది మంది పిల్లలు.

రాసేది ప్రశాంతి. పక్కింటి కోడలు, చర్ల దిక్కు పిల్ల. ఐదు దాకా చదివింది, తెలుగు రాస్తది, మా దిక్కు సర్కారోళ్ళు రాసే హిందీ అక్షరం రాదు. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, నీ తెలివి కలపొద్దన్న. "కలపను అత్తా" అన్నది. పెన్ను ఆగలే. అంటే అది గూడ రాసిందన్నట్టు. రాయనియ్.

ఇది ఎవరికీ చూపించే పుస్తకం గాదు. బళ్ళ ఆఫీసు పెద్ద సాబ్ వస్తడంట, ఆయన ముందల నిలబడ్డప్పుడు నాకు కోపమొస్తది, కోపమొస్తే మాట తప్పిపోతది. అందుకని ముందు ఇక్కడ చెప్పి పెట్టుకుంటున్న.

సంగతి ఇది. మా బడి పోతున్నది. పిల్లలు తక్కువున్న బళ్ళను రోడ్డు మీది పెద్ద బడిల కలిపేస్తున్నరంట. మీకు బడి కావాల్నా వద్దా, వచ్చి చెప్పుండ్రి అని పదిహేడో తారీఖు పెద్దబడిల మీటింగు పెట్టిన్రు. ఇప్పగుంపు నుంచి ఒక్క మనిషి పోలే. వీళ్ళకు బడి అక్కరలేదని రాసుకున్నరంట. తెల్లారి ఆఫీసు ప్యూను వచ్చి చెప్పిండు.

పెద్దబడికి ఏడు కిలోమీటర్లు. నడుమ వాగు. వానకాలం నడుములోతు, ఒక్కోసారి తలమీద. రెండో తరగతి పిల్ల వాగు దాటుతదా? ఎనకటి బడి కూలినంక పద్దెనిమిదేండ్లు ఇక్కడ బడి లేదు. నా కొడుకు పలక పట్టలే. మళ్ళ అట్లనే అయితదా?

ఎందుకు పోలేదంటే మాకు తెలియక. తెలియకపోవుడు ఎవరి తప్పు? మా బడి పంతులు, గురూజీ తప్పు. లక్మా గురూజీ. పుస్తకం చేతికియ్యడు, పొద్దస్తమానం టీవీ చూపిస్తడు. అందుకే పిల్లలకు చదువు రాలే. కాయితం వస్తే చదవలేకపోయిన్రు.

ఇదే నా కేసు. రేపు ఇంకా చెప్త.

జులై 21

గురూజీ సుక్మా ట్రైనింగు నుంచి వచ్చిండు. నేను మాట్లాడలే. పప్పు మాడింది.

జులై 23

ఆ టీవీ సంగతి చెప్త, రాయి.

పోయినేడు ఎండకాలం అయినంక వచ్చిందది. గోడకు కొట్టిన్రు, పైన సోలార్ పలక. గురూజీ ఫోనుతోని ఊర్ల ఫిల్ములు తీస్తడు. ఎవరన్నా పని చేస్తుంటే తీస్తడు. చేపల బుట్ట అల్లేది, ఆఖరికి పందికి మేత వేసేది గూడ. ఆ మనిషి మన దోర్ల మాటల, మనం ఇంట్ల మాట్లాడే మాటల, ఏం మాట్లాడితే ఆ మాటలు కింద అక్షరాలై వస్తయి, హిందీ అక్షరాలు. ఏ మాట పలికితే ఆ మాట పసుపురంగు తిరుగుతది. పిల్లలు దాని ఎంట అరుస్తరు. తర్వాత గొంతు బంద్ చేస్తడు. బొమ్మ ఆడుతది, పిల్లలే అంటరు. ఇదీ చదువంట.

నాది గూడ తీసిండు. చింతపండు గింజ తీస్తున్న. కోడి వచ్చి తట్టల కాలు పెట్టింది. "ఓ సచ్చినదానా" అన్న. అది గూడ కింద అక్షరాలై వచ్చింది. బడి మొత్తంల పిల్లలు ముందు నేర్చిన మాట అదే. గోడ మీద బొగ్గుతోని రాసిన్రు. అది తిట్టని తెలియక ఊరి పెద్ద హుంగా పటేల్ గోడకు దండం పెట్టుకుంట పోయిండు.

గొంతుతోని ఒకసారి, గొంతు బంద్ చేసి ఒకసారి, నేను తలుపుల నిలబడి చూసేది ఆ రెండు సార్లే. తర్వాత అన్నం వార్చే టైము, పొయ్యి కాడికి పోత.

ఇగ ఆ కాయితం. ఎనిమిదో తారీఖు ప్యూను బడికి తెచ్చి ఇచ్చిపోయిండు. గురూజీ ట్రైనింగుకు పోయిండు, లేడు. ఆయతిని పిలిచి చదవమన్న. వేలు పెట్టి గలగల చదివింది. ఒక్క ముక్క మాకు తెలియలే. "ఏందే దాని సంగతి?" అన్న. కాయితం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "పదిహేడు నాడు బడిల అందరికీ ఫిల్ము చూపిస్తరంట అవ్వా. నీ ఫిల్మే" అన్నది.

ఊరంతా నేనే చెప్పిన. నా మనవరాలు సర్కారు కాయితం చదివిందని ఇంటింటికి పోయి చెప్పిన. పదిహేడు నాడు నాట్లు ఆపుకొని వచ్చిన్రు. ఆడోళ్ళు తలకు నూనె రాసుకొని వచ్చిన్రు. ఐదో తరగతి పిల్లలు టీవీ పెట్టిన్రు. నా చింతపండు ఫిల్ము నాలుగుసార్లు చూసి నవ్వి నవ్వి ఇండ్లకు పోయినం. అప్పుడు రోడ్డు మీది పెద్దబడిల సాబ్ ఖాళీ కుర్చీలు చూసుకుంట కూసున్నడు.

చదువు చెప్పకుండ బొమ్మ చూపిస్తే ఏమైతది? కాయితంల గూడ పిల్లకు బొమ్మే కనపడ్డది.

బాగ చెప్పిన. ఇట్లనే సాబ్‌కు చెప్త.

జులై 24

సాబ్ వచ్చేదాకా ఎందుకు ఆగాలె? మంగల్‌ను ఎంటబెట్టుకొని దోర్నపాల్ పోయిన. బస్సు కాడ కాయితాలు రాసేటాయన ఉన్నడు. నేను చెప్పిన, ఆయన హిందీల రాసిండు. నేను చానాసేపు చెప్పిన, ఆయన కొంచెమే రాసిండు. చదివి వినిపించిండు. ఏం తెలిసింది? నా పేరు తెలిసింది, లక్మా పేరు తెలిసింది. "ఇంతే కదా అమ్మా?" అన్నడు. ఇంతే అన్న. బొటనవేలు అద్ది అంగూఠా పెట్టిన. బళ్ళ ఆఫీసుల ఇచ్చి ముద్ర కొట్టించుకొని వచ్చిన.

మంగల్ దారి పొడుగునా నాకు ముందు నడిచిండు. వాగు కాడికొచ్చినంక "లక్మా జెరం పట్టి గూడ బడి ఆపలేదమ్మా" అన్నడు. నిన్ను అడిగిన్నా అన్న.

జులై 25

ప్రశాంతీ, బుధవారం చెప్పిన ముక్క చదువు. ప్యూను కాయితం తెచ్చిన ముక్క.

మళ్ళ చదువు.

సరే, పో.

జులై 28, సోమవారం

 ఇది ఒక్క మాట పోకుండ రాయి, ప్రశాంతీ.

ఇవ్వాళ మా చూరు కాడ హుంగా కూసున్నడు. పటేల్ హుంగా నా ఈడోడు. వరసకు మరిది. వయసుల కిరందుల్ గనిల పన్నెండేండ్లు రాయి మోసి, అక్కడి హిందీ పట్టుకొని వచ్చిండు. అక్షరం రాదు. ఆయతి లోపల ఏదో గలగల అంటున్నది. ఆ కాయితమే. చూరుల చెక్కిన దాన్ని తీసి మళ్ళ చదువుతున్నది. తప్పు చేసినోళ్ళు తప్పు తిరగేసుకున్నట్టు, నాలుగు రోజులుగ అదే పని దానికి.

హుంగా చుట్ట నోట్ల నుంచి తీసిండు.

"ఏయ్ పిల్లా, ఆగు. ఇప్పుడేమన్నవ్?"

అది మళ్ళ అన్నది. "సూచిత్ కియా జాతా హై."

"చెప్తున్నమని అంటున్నడు. ఇంకా?"

"సత్రహ్ జులాయి కో సంకుల్ శాలా మే..."

"పదిహేడు నాడు పెద్దబడికి రమ్మంటున్నడు. ఓ వదినా, ఇది చదువుతున్నదే! కాయితం మీదిదే చదువుతున్నది!"

అట్ల మొత్తం అయింది. అది ఒక ముక్క చదువుడు, ఆయన ఒక ముక్క చెప్పుడు. ప్యూను నోటితోని చెప్పిన మీటింగు సంగతి పొల్లుపోకుండ అందులనే ఉన్నది. తల్లిదండ్రులు రాకుంటే బడి వద్దన్నట్టే లెక్క అని గూడ ఉన్నది. పిల్లకు చదువొస్తది, హిందీ రాదు. హుంగాకు హిందీ వస్తది, చదువు రాదు. ఇద్దరి ఇండ్ల నడుమ నా కంచె ఒక్కటే అడ్డం.

"మరి ఫిల్మని ఎందుకు చెప్పినవే?" అన్న.

"నువ్వు అడిగినవ్ కదా అవ్వా. తెలియదంటే నీకు సిగ్గైతదనుకున్న" అన్నది.

హుంగా నవ్విండు. "ఆ నాడే నన్ను పిలిస్తే ఐపోతుండె కదా వదినా!"

నేను ఎందుకు పిలుస్త? దానికి ముందే కంచె కాడ ఆయన మేక సంగతిల ఇద్దరం కొట్టుకోలేదా? అది రాయకు. రాసినవా? సరే.

జులై 29

కొట్టేయొద్దు, ఇది రాయి.

ప్యూను ఆ కాయితం బడికి ఇయ్యలే. నాకిచ్చిండు. "గురూజీకి ఫోను చేయించు అవ్వా, సంగతి చెప్పు, ఇది పెద్ద కాయితం" అని నాకే చెప్పిండు. కాయితం తడవకుండ కొంగుల చుట్టి ఇంటికి తెచ్చుకున్న. ప్రశాంతి ఫోను పక్కింట్లనే ఉన్నది. గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తది. ఎక్కలే.

ఎందుకంటే ఆయతి చదువుతుంటే చూడాల్నని ఉండె. మా ఇంట్ల ఎవ్వరూ ఎప్పుడూ కాయితం చదవలే. అది వేలు పెట్టి పోతుంటే నా కండ్లు ఆ వేలు మీదనే ఉన్నయి. ఫిల్మని చెప్పేటప్పుడు దాని కండ్లు కాయితం మీద లేకుండె. అది నేను చూసిన. ఆ నాడే చూసిన.

పద్దెనిమిది మంది పిల్లలు. గురూజీ మీద పెట్టిన అంగూఠా నాది.

జులై 30

ఆఫీసుకు పోయిన. ఫిర్యాదు వాపసు ఇయ్యి నాయనా, అది అబద్ధం అన్న. బల్ల కాడి పిల్లగాడు కంప్యూటర్ చూసుకుంట "పైకి పంపినం దాదీ, వాపసు రాదు" అన్నడు. మరి పెట్టినదాన్ని నేనే కదా? "పెట్టేదాకనే నీది" అన్నడు. ఏడో తారీఖు సాబ్ మీ ఊరికి వస్తడు, పిల్లలను పరీక్ష చేస్తడు, ఏమన్నా ఉంటే హిందీల రాసి అప్పుడియ్యమన్నడు. ఇంకా ఏమీ తేలలేదన్నడు.

తేలలే అన్నడు. అది రెండుసార్లు రాయి. తేలలే.

ఆగస్టు 2

గురూజీని విచారణ అయ్యేదాకా బడికి రావద్దన్నరు. నేను ఆయన ఇంటికి పోయిన. అడివి కాకర కూర పట్టుకపోయిన. మాఫీ అడుగుడు నాకు చాతకాదు.

చూరు కింద సైకిలుకు గాలి కొడుతున్నడు. "కూసో పెద్దవ్వా" అన్నడు. అట్ల అనకుండ ఏదన్నా తిడితే నాకు బాగుండు.

"ఫిర్యాదు ఇచ్చింది నేనే" అన్న.

"తెలుసు. మొత్తం జిల్లాకు తెలుసు."

"పిల్ల చదువుతున్నది. నిజంగనే చదువుతున్నది. దానికి హిందీ తెలియక..."

"హిందీ ఇంకా మొదలుపెట్టలే పెద్దవ్వా. ముందు ఇంటి మాట మీద అక్షరం పట్టాలె, తర్వాత ఆ మాట. ఈ ఏడు పెద్దపిల్లలతోని మొదలుపెడదామనుకున్న. హిందీ ఫిల్ములు గూడ తీసి పెట్టుకున్న."

"నాకెందుకు చెప్పలే?"

"మూడో సారి ఎప్పుడన్నా చూసినవా?"

"ఏం మూడో సారి?"

గొంతు బంద్ చేసినంక బొమ్మ గూడ బంద్ చేస్తడంట. నల్లటి టీవీ మీద ఒట్టి అక్షరాలే ఉంటయంట. పిల్లలు ఒక్కొక్కరే లేచి అవి చదవాలంట. అప్పుడు నేను పొయ్యి కాడ అన్నం వారుస్తున్న. ఏడాది పొడుగునా అన్నం వార్చిన.

"సాబ్‌కు హిందీల రాసియ్యాలంట. రాసిపెట్టు నాయనా" అన్న.

"నా మీది కేసుల నేను రాస్తే చెల్లదు. నా చేతిరాత వాళ్ళకు తెలుసు" అన్నడు. సైకిలు పంపు పక్కకు పెట్టిండు. "కూర ఇచ్చిపో. ఉప్పేసినవా, లేకుంటే దాని మీద గూడ ఫిర్యాదు పెట్టాల్నా?"

నవ్విస్తున్నడు నన్ను. ఏడ్పొచ్చింది. రాకుండ ఆపుకున్న.

ఆగస్టు 4

వాగు వచ్చింది. దోర్నపాల్ పోవుడు లేదు. గురూజీ తప్ప హిందీ రాసేటోడు ఈ గట్టున ఒక్కడు లేడు.

ఆగస్టు 5

మూలకు కూసుండి ఏడిస్తే బడి ఆగుతదా? ఆయతిని పిలిచిన. నేను మన మాటల చెప్త, నువ్వు నీ అక్షరాలతోని రాయమన్న. రాసింది. కోడి ఫిల్ముల మాటలు గాదు, కొత్త మాటలు. రాసినంక వాకిట్ల నీళ్ళు మోస్తున్న గంగాను పిలిచిన. హుంగా మనవరాలు, మూడో తరగతి. నేను చెప్తుంటే అది ఇనలే, ఆయతి రాస్తుంటే చూడలే. ఇది చదువే అన్న. నేనన్న మాట నాకు మళ్ళ వినపడ్డది. నేను ఎక్కడ ఆగిన్నో గంగా అక్కడనే ఆగింది.

ఇద్దరికీ బెల్లం పెట్టిన. నాకు అన్నం తినబుద్ధి కాలే.

ఆగస్టు 6

తేలలే అన్నడు కదా.

ఆగస్టు 8, శుక్రవారం

నిన్న సాబ్ వచ్చిపోయిండు. ఇవ్వాళ చెప్త. మెల్లగ రాయి, ప్రశాంతీ, నువ్వు గూడ అక్కడనే ఉన్నవు, తప్పు చెప్తే ఆపు.

వాగు మోకాలికి తగ్గంగనే సాబ్ వచ్చిండు. ప్యాంటు మడిచి, చెప్పులు ప్యూను చేతుల. చెడ్డోడిలెక్క లేడు. నీళ్ళడిగి తాగిండు. ఊరంతా వచ్చింది. పిల్లలను నిలబెట్టి హిందీ పుస్తకం ఇచ్చిండు. ఒక్కొక్కరు చదివిన్రు. తర్వాత ఒక్కొక్కరిని "మత్‌లబ్?" అన్నడు. అర్థం చెప్పమని. ఎవ్వరూ చెప్పలే. సాబ్ పెన్ను తీసి గీసుకుంట పోయిండు. పద్దెనిమిది గీతలు.

నేను పొయ్యి కాడి నుంచి లేచి వచ్చిన.

"ఆగు సాబ్. చదువొచ్చా రాదా అని చూస్తున్నవా, హిందీ వచ్చా రాదా అని చూస్తున్నవా?" హుంగా హిందీల చెప్పిండు.

"రెండూ ఒకటే దాదీ" అన్నడు.

"ఒకటి గాదు. నీ సంచిల ఏ కాయితమన్నా ఇయ్యి. ఈ పిల్ల ఎన్నడూ చూడనిది. ఇది చదువుతది, ఆ ముసలోడు సంగతి చెప్తడు. తప్పైతే నీ టీవీ నేనే మోసి వాగు దాటిస్త."

సాబ్ నవ్విండు. పిల్లను తక్కువ చేసి గాదు, ముసలిదాన్ని కాదనలేక నవ్విండు. ఫైలుల మీదికున్న కాయితం తీసి ఇచ్చిండు. ఆయతి లేచింది. వేలు పెట్టింది.

అది చదివింది. హుంగా చెప్పిండు. "ఆర్డరు." ఆయతి చదివింది. "ఆగస్టు ఒకటో తారీఖు ఆర్డరు" అన్నడు హుంగా. సాబ్ నవ్వు తగ్గింది. చెయ్యి చాపిండు. నేను ఆ చేతికి అడ్డం నిలబడ్డ.

"ఇప్పగుంపు బడి." హుంగా గొంతు చిన్నగైంది. "పెద్దబడిల కలిపేసిన్రు. పదహారో తారీఖు నుంచి."

 పరీక్ష ఏడో తారీఖు. ఆర్డరు ఒకటినే అయిపోయింది.

అక్కడ ఆపితే అయిపోతుండె. పిల్ల ఆపలే. దానికి తెలియదు కదా ఏం చదువుతున్నదో. గలగల పోతున్నది. పోతా పోతా ఒక పేరు చదివింది. "సోమమ్మ మడకం." వేలు ఆగింది. నా దిక్కు చూసింది. ఇంట్ల రోజూ పిలిచే పేరు. దానికి తెలిసిన మాట ఆ కాయితం మొత్తంల అదొక్కటే.

"చదువు" అన్న.

"అవ్వా, నీ పేరుంది."

"చదువు."

చదివింది. హుంగా చెప్పలే. చుట్ట చేతిల నలిగిపోయింది. "చెప్పు మరిదీ, ఊరు ఇననియ్" అన్న.

"బడిల వంట చేసే సోమమ్మ ఇచ్చిన ఫిర్యాదు మీద... ఇక్కడ చదువు చెప్తలేరని తేలింది గనక... ఊరోళ్ళు మీటింగుకు రాలేదు గనక..."

సుశీల నా కోడలు. నా దిక్కు చూడలే. పిల్లను దగ్గరికి గుంజుకున్నది.

సాబ్ మెల్లగ చెప్పిండు, సంతకం పెట్టింది పైనోళ్ళు, నేను చూసిపొమ్మంటే వచ్చిన అని. అబద్ధమాడినట్టు లేదు. టీవీ తీసుకపోవాలె, ఇచ్చినట్టు అంగూఠా పెట్టమని ఇంకో కాయితం చాపిండు.

"ఇంక నా భాషల చదివి వినిపించనిదే ఏ కాయితం మీద నా వేలు పడదు" అన్న.

నా కొంగుల ఉన్న కాయితం తీసి ఆయనకిచ్చిన. అయిదో తారీఖు ఆయతి రాసింది. హిందీల రాయమన్నరు, రాసేటోడు దొరకలే. అక్షరాలు మీవే, చదువు సాబ్ అన్న.

సాబ్ అద్దాలు పెట్టుకున్నడు. పైకి చదువుడు మొదలుపెట్టిండు. అక్షరం తప్పుపోకుండ చదివిండు. మా దోర్ల మాట ఆయన నోట్ల గుండ్రాళ్ళ మీద బండి పోయినట్టు పోయింది. పిల్లలు ముందు నవ్విన్రు, తర్వాత దగ్గరికి జరిగిన్రు. ఊరోళ్ళు ఒక్కొక్కరే తల ఎత్తిన్రు. గంగా తల్లి కండ్లు తుడుచుకున్నది. చివరి దాకా చదివి సాబ్ తల ఎత్తి మమ్ములను చూసిండు. అందరి మొకాలు చూసిండు.

"మత్‌లబ్?" అన్న నేను.

సాబ్ కాయితాన్ని మళ్ళ చూసిండు. "యే కౌన్సీ భాషా హై?" అన్నడు, ఇదేం భాష అని. అడిగింది నన్ను గాదు, హుంగాను గాదు. ఆయతిని.

టీవీ అయితే ప్యూను నెత్తి మీద వాగు దాటిపోయింది. నా కాయితం తీసుకోను అనలే, తీసుకున్న అనలే. మడిచి జేబుల పెట్టుకున్నడు, ఫైలుల గాదు. దాంతోని ఏమైతదో నాకు తెలియదు. పదహారుకు ఇంకా ఎనిమిది రోజులున్నయి. రేపు పొయ్యి వెలిగిస్త, పిల్లలు వస్తరో రారో.

ఆ కాయితంల ఉన్నది మళ్ళ చెప్తున్న. ఈ పుస్తకంల గూడ ఉండాలె.

మడకం సోమమ్మ చెప్పేది. జులై ఇరవై నాలుగు నాడు లక్మా గురూజీ మీద నేనిచ్చిన ఫిర్యాదు అబద్ధం. పిల్లలకు చదువు వస్తది. ఈ కాయితం రాసింది రెండో తరగతి పిల్ల, చదివి చూసింది మూడో తరగతి పిల్ల. మీటింగు కాయితం గురూజీకి చేరలే, దాన్ని ఇంట్ల పెట్టుకున్నది నేను. తప్పు నాది, బడిది గాదు. శిక్ష వేస్తే నాకు వేయుండ్రి, వంట పని తీసేయుండ్రి. మా పిల్లలను వాగుల దింపొద్దు. ఇది నా మాటల రాసి, నా మాటల చదివి వినిపిస్తే ఇని, తెలిసి పెట్టిన వేలిముద్ర.

మడకం సోమమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
హుంగా, పటేల్, ఇప్పగుంపు. వేలిముద్ర.
సుశీల, కోడలు. వేలిముద్ర. అడగకుండనే వచ్చి పెట్టింది.
ప్రశాంతి, రాసిన మనిషి. సంతకం.